మొదటి కుర్చీ

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ పెన్ను మంచిది కాదు. అక్షరాలు కోడి కెలికినట్టు వస్తున్నాయి. షాపువాడు కొత్త మోడలన్నాడు, బోలెడు చెప్పాడు. వాడి మొహం.

ఈ రోజు నుంచి ఆఖరి టర్మ్. నా ఎదురుగా క్లాసు నిండా కాబోయే స్కూలు సంగీతం టీచర్లు. పాపం, ఎక్కడో స్కూళ్ళలో పిల్లలు ఏమీ తెలియకుండా హాయిగా ఆడుకుంటున్నారు. వీళ్ళు వాళ్ళ మీదకి వెళ్ళబోతున్నారు. ఒకడు కీబోర్డు మీద వేలు పెడితే కాలింగ్ బెల్ నొక్కినట్టుంటుంది. ఇంకొకడిని వయొలిన్ శ్రుతి చెయ్యమంటే ఫోన్ బయటికి తీశాడు. అందులో పచ్చ లైటు వెలిగితే శ్రుతి కలిసినట్టట. "మరి చెవులెందుకు బాబూ, కళ్ళజోడు తగిలించుకోడానికా?" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

సాయంత్రం స్టాఫ్ మీటింగ్. మార్చి ఒకటిన కాలేజీ వార్షికోత్సవం. ఎప్పటిలాగే స్టాఫూ విద్యార్థులూ కలిసి ఆర్కెస్ట్రా. స్లైడు మేష్టారు గొంతు సవరించుకున్నాడు. ఆ పేరు పెట్టింది నేనే. లయ గురించి చెప్పాలన్నా, పిల్లల గొంతు గురించి చెప్పాలన్నా ఆయన గోడ మీద బొమ్మలు వేస్తాడు. డ్రమ్ము మీద ఒక్క దెబ్బ కొట్టి చూపించమంటే మాత్రం మణికట్టు పట్టేసిందంటాడు.

"సార్, మొదట్లో వచ్చే మీ సోలో ఉంది కదా, అది ఈసారి స్టూడెంట్స్ అందరిచేతా కలిపి వాయిద్దామా? వాళ్ళకీ అలవాటవుతుంది" అన్నాడు.

అది ఏళ్ళ తరబడి నాది. ప్రిన్సిపాల్ గారు వెంటనే, "మొదటి కుర్చీ మీదేనండీ, అందులో మార్పేం లేదు" అంది. అంటే ముందే మాట్లాడుకుని వచ్చారు. ఎందుకని అడిగాను. ఇద్దరూ ఒకేసారి టీ తాగారు.

మొదటి కుర్చీ అంటే ఏమిటో వీళ్ళకేం తెలుసు? స్టేజీ అంచున, వయొలిన్లన్నిటికీ ముందు. నా కమాను ఎటు వెళితే అన్ని కమానులూ అటే. నేను ఆగితే అందరూ ఆగుతారు. సోలో తీసుకోండి, పండగ చేసుకోండి. ఆ కుర్చీ జోలికి రాకండి.

చెయ్యి బాగానే ఉంది. పొద్దున్న టీ ఒలికిందంటే కప్పు అంచుదాకా పోసినందుకు.

ఫిబ్రవరి 5, బుధవారం

నకిలీ క్లాసు. ఈ కాలేజీలో పనికొచ్చే పద్ధతి ఇదొక్కటే, ఎందుకంటే పెట్టింది నేను. ఒకరు టీచరు, మిగతావాళ్ళంతా మూడో తరగతి పిల్లలు. ప్రతివాడూ తాను ఎన్నడూ నేర్చుకోని వాయిద్యం పట్టుకోవాలి. వేళ్ళు మాట వినకపోతే పిల్లాడికి ఎంత ఏడుపొస్తుందో అప్పుడుగానీ ఎముకలకి పట్టదు. వీళ్ళకి ఎముకలదాకా ఏదీ పోదు. పిల్లల్లా చెయ్యమంటే ముక్కు తుడుచుకోవడం, పక్కదాని జడ లాగడం. ఆస్కార్ ఇస్తారనుకున్నారు కాబోలు.

క్లాసులో చెడ్డ పిల్లాడి వేషం ఎప్పుడూ నాదే, కొత్త వాయిద్యం నియమం నాకు లేదు, నా వయొలిన్‌తోనే. అందరూ ఒక స్వరంలో ఉంటే నేను గీసుకుంటూ ఇంకో స్వరంలో ఉంటాను. ఈ రోజు టీచరు పొడుగమ్మాయి. గుమ్మంలోంచి తల వంచుకుని వస్తుంది, మాట మాత్రం వంచదు. వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నన్ను నిజంగానే మూడో తరగతివాణ్ణి చేసేసి, "కమాను గట్టిగా పట్టుకున్నావు నాన్నా. వదులు చెయ్యి. చూడు, వణుకుతోంది" అంది.

నేను కావాలనే వణికించాను. అది నటన. బాగా నటించానన్నమాట.

ఆ తర్వాత అసలు కిటుకు చెప్పాను. ఏ పుస్తకంలోనూ ఉండదు. తల్లిదండ్రులందరూ వచ్చే కచేరీ, ముందు వరసలో ఒక పిల్ల పిల్లి గోకినట్టు వాయిస్తుంది, తీసెయ్యాలంటే వాళ్ళమ్మ యుద్ధానికొస్తుంది. ఏం చేస్తావు? కమాను వెంట్రుకలకి రోజిన్ రాస్తే తీగని పట్టుకుని మోగుతుంది కదా. రోజిన్ బదులు పొడి సబ్బు రాసెయ్. జారిపోతుంది, చప్పుడు రాదు. పిల్ల కుర్చీలో కూర్చుంటుంది, చెయ్యి ఊపుతుంది, ఫొటోలో పడుతుంది. అమ్మ సంతోషం, నీ పరువు దక్కుతుంది.

అందరూ బుద్ధిగా రాసుకున్నారు. జీవితంలో మొదటిసారి నోట్స్ రాసుకున్నారు. పొడుగమ్మాయి మాత్రం పెన్ను తియ్యలేదు.

"ఆ పిల్లకి తెలిస్తే, సార్?"

"తెలీదు. చుట్టూ అంత చప్పుడులో తనదే మోగుతోందనుకుంటుంది."

"చేతికి తెలుస్తుంది కదా సార్."

పెద్ద వచ్చింది చెప్పడానికి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మా ఆవిడ మళ్ళీ డాక్టర్ పాట ఎత్తుకుంది. కళ్ళాసుపత్రిలో నర్సు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కళ్ళల్లో చుక్కలు వేసి వచ్చి, ఇంట్లో నా చెయ్యి చూస్తూ కూర్చుంటుంది. అన్నం కలుపుకుంటుంటే కూడా చూస్తుంది. "ఏంటే?" అంటే "ఏం లేదండీ" అంటుంది. ఏం లేకపోతే చూడ్డమెందుకు?

ఫిబ్రవరి 11, మంగళవారం

మొదటి రిహార్సల్. స్లైడు మేష్టారు ఫోన్లో రికార్డు చేసి అందరికీ వినిపించాడు. ఎవడడిగాడు? విన్నాను. వయొలిన్ల మధ్యలో ఒక గలగల. పొడుగు స్వరం పట్టినప్పుడల్లా రేకు డబ్బాలో గులకరాళ్ళు కదిలినట్టు. ఎవడో కమాను నిలకడగా లాగట్లేదు.

వదులుతానా? వెనక వరస నుంచి ఒక్కొక్కళ్ళనీ లేపి విడిగా వాయించమన్నాను. అందరూ వాయించారు. గలగల రాలేదు. మళ్ళీ అందరినీ లేపాను. మళ్ళీ వాయించారు, తలలు వంచుకుని. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం, నా మొహం చూడకపోవడం. దొంగలు దొరికిపోయినప్పుడు అలాగే ఉంటారు. స్లైడు మేష్టారు కిటికీ దగ్గరికి పోయి బయట ఏదో అద్భుతం ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

చివరికి తేలింది, ఫోన్ మైకు మంచిది కాదు. చవకబారు సామాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ప్రాక్టీసు క్లాసులు మొదలు. నా వాటాకి వచ్చిన స్కూలు, కాలేజీ వెనక వీధిలోనే. సంగీతం గది అంటే పాత ఆటసామాను గది. గోడకి బంతులు వేలాడుతున్నాయి. పొడుగమ్మాయికి మూడో తరగతి ఇచ్చారు.

అందులో ఒక పళ్ళూడిన పిల్ల ఉంది. ముందు పళ్ళు రెండూ లేవు, సిగ్గు అసలే లేదు. అది వయొలిన్ వాయిస్తే వీధిలో కుక్కలు లేచి ఇంకో వీధికి పోతాయి. దానికేమో తనంత గొప్పగా వాయించేవాళ్ళు లేరని నమ్మకం. పక్కపిల్లలు చెవులు మూసుకుంటే "నాదే గట్టిగా వినిపిస్తోంది" అని మురిసిపోతుంది. పొడుగమ్మాయి దాన్ని ఆపదు. పక్కన కూర్చుని, "ఇప్పుడు కాస్త నిదానంగా గట్టిగా వినిపించు చూద్దాం" అంటుంది. గంటంతా ఒక్క తీగ మీద గడిచిపోయింది.

"గురువారం బయటి ఎగ్జామినర్ వస్తాడు. ఈ పిల్లని పెట్టుకుని ఏం చూపిస్తావు?" అన్నాను.

"ఇంతదాకా వచ్చాం అని చూపిస్తాను సార్."

ఎంతదాకా? వీధి చివరిదాకా.

ఫిబ్రవరి 20, గురువారం

నేను చేసిన మేలు మనుషులకి అర్థం కాదు.

ఎగ్జామినర్ రాకముందే స్కూలుకి వెళ్ళాను. మా బాత్రూములోని పచ్చ సబ్బు ముక్క ఒకటి జేబులో వేసుకుని వెళ్ళాను. మా ఆవిడ ఆసుపత్రి కొట్లో కొంటుంది, నిమ్మగడ్డి వాసన. ఆ గదిలో ఎవరూ లేరు. పిల్ల కమాను తీసి శుభ్రంగా రాశాను. నా శిష్యురాలి మార్కులు, నా కాలేజీ పేరు, పిల్ల పరువు, మూడూ కాపాడాననుకున్నాను.

క్లాసు మొదలైంది. ఎంత హాయిగా ఉందో! పిల్లలు ఏదో పిల్లల్లా వాయిస్తున్నారు, కుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఎగ్జామినర్ తల ఊపుతున్నాడు. పళ్ళూడిన పిల్ల నాలుగుసార్లు లాగి ఆగిపోయింది. కమాను తిప్పి చూసింది. వయొలిన్ ఊపి చెవి దగ్గర పెట్టుకుంది. నోరు తెరిచింది.

"టీచర్! నా వయొలిన్ చచ్చిపోయింది!"

గదంతా ఆగిపోయింది. అది ఏడుస్తోంది. మామూలుగా కాదు, ఎక్కిళ్ళు పెట్టి, ఇంట్లో ఎవరో పోయినట్టు. పొడుగమ్మాయి వచ్చి వెంట్రుకల మీద వేలు రాసి వాసన చూసింది. నన్ను చూసింది. తన కమాను తీసి పిల్ల చేతికిచ్చి, "చావలేదు నాన్నా, నిద్రపోయింది. లేపు" అంది.

పిల్ల లేపింది. ఎగ్జామినర్ ఉలిక్కిపడి పెన్ను జారవిడుచుకున్నాడు.

అయిపోయాయి మార్కులు. మంచికి పోతే ఇదే. నా వాటా మార్కులు నేనూ తగ్గించి వేశాను. ఎగ్జామినర్ ముందు పిల్లల చేత అలాంటి చప్పుడు చేయించే టీచరుకి ఎక్కువెలా వేస్తాం?

ఫిబ్రవరి 21, శుక్రవారం

జరిగిందంతా మా ఆవిడకి చెప్పాను. "ఆ పిల్ల ఎగ్జామినర్ ముందు నవ్వులపాలు కాకూడదనే కదా చేశాను. చుట్టూ ఇంకాస్త చప్పుడుంటే దానికి తెలిసేదే కాదు" అన్నాను. ఆశ్చర్యం, శ్రద్ధగా విన్నది. పెళ్ళయినప్పటి నుంచీ రోజిన్‌కీ రబ్బరుకీ తేడా తెలియని మనిషి, ఎంత సబ్బు రాయాలి, ఎంత పొడిగా ఉండాలి, పాత రోజిన్ ఉన్నా పనిచేస్తుందా అని అడిగింది. కమాను తెచ్చి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా రాయాలో చూపించాను. ఇన్నాళ్ళకి నా విద్య మీద ఆసక్తి కలిగింది. సంతోషమేసింది.

తర్వాత అడిగింది, "ఈసారికి మీరు కింద కూర్చుని వినకూడదా? నా పక్కన" అని. ఆ మొదటి కుర్చీ ఖాళీగా ఉంటే కాలేజీ కూలిపోతుందని చెప్పాను.

"పోనీ, మధ్యలో ఎక్కడైనా కూర్చోండి."

మధ్యలోనా! నేనా!

ఫిబ్రవరి 26, బుధవారం

రిహార్సల్‌కి మా ఆవిడ కూడా వచ్చింది, డ్యూటీ నుంచి తిన్నగా. వెనక బెంచీ మీద కూర్చుంది. హాల్లో కొందరు కుర్రాళ్ళు ఎందుకో నవ్వుకున్నారు. ఇంటికొస్తున్నంతసేపూ నా వయొలిన్ పెట్టె ఈవిడే మోసింది. కొత్త పెన్ను కొన్నాను, ఇదీ అంతే.

మార్చి 1, శనివారం

రాయక తప్పదు.

నాకో పద్ధతి ఉంది. వెనక గదిలో శ్రుతి చేసుకుని, వయొలిన్ గుడ్డలో చుట్టి, పెట్టె మూసేస్తాను. మళ్ళీ తెరిచేది స్టేజీ మీదే. మధ్యలో తీగ తాకను. శ్రుతి చేశాక ముట్టుకుంటే అపనమ్మకం ఉన్నట్టు. ఈ రోజూ అలాగే మూశాను. ఇంతలో ముఖ్య అతిథితో ఫొటో అని ప్రిన్సిపాల్ గారు లాక్కుపోయింది. తిరిగొచ్చేసరికి పిలుపు వచ్చింది. పెట్టె తీసుకుని తిన్నగా స్టేజీ ఎక్కాను.

మొదటి కుర్చీ. హాలు నిండుగా ఉంది. పిల్లలు, తల్లులు, కెమెరాలు, ముందు వరసలో మా ఆవిడ. కమాను ఎత్తాను. నా వెనక అన్ని కమానులూ లేచాయి. దించాను.

నాది మోగలేదు.

సబ్బునీళ్ళ గచ్చు మీద కాలు జారినట్టు జారింది. గట్టిగా నొక్కాను. ఉష్‌మని గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక అందరూ వాయిస్తున్నారు. చేతికి మొదటి క్షణంలోనే తెలిసిపోయింది. ఆగాలనుకున్నాను. మొదటి కుర్చీ ఆగితే అందరూ ఆగుతారు. నేనే కదా నేర్పాను, నా కమాను చూసి వాయించమని. చూస్తున్నారు, వెధవలు, తొలిసారి చెప్పింది చెప్పినట్టు చేస్తున్నారు.

అందుకని లాగాను. పైకి, కిందకి, ఎక్కడ ఎంత లాగాలో అంతే. మూగ కమానుతో మొత్తం వాయించాను. ఆ పొడుగు స్వరం వచ్చింది, రికార్డులో గలగలలాడిందే, అది. చెవులు రిక్కించాను. గలగల లేదు. నున్నగా, తేటగా వచ్చింది. రెండోసారి వచ్చింది. అప్పుడూ లేదు.

వాళ్ళంతా ఉన్నారు. నేనొక్కణ్ణే లేను. గలగలా లేదు.

చప్పట్లు. లేచి నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారు వచ్చి రెండు చేతులూ పట్టుకుని, "ఎన్నాళ్ళయిందండీ మీరిలా వాయించి!" అంది. కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకుంది, చెవిటి మహాతల్లి. స్లైడు మేష్టారు "సూపర్ సార్" అన్నాడు. నవ్వాను. ఏం చెయ్యను మరి?

పొడుగమ్మాయిని వరండాలో పట్టుకున్నాను. కసి తీర్చుకుందని నా నిర్ణయం. కమాను ఆమె మొహం ముందు పెట్టి, "ఇదేనా నీ గురుదక్షిణ?" అని అరిచాను.

ఆమె వాసన చూసింది. మొహం పాలిపోయింది.

"నేను కాదు సార్. మీ చెయ్యి సంగతి నాకెప్పుడో తెలుసు, మా అందరికీ తెలుసు. మీ ఎదురుగా చెప్పే ధైర్యం లేకపోయింది. అది తప్పే. కానీ ఇది మాత్రం నేను చెయ్యను." కమాను మళ్ళీ ముక్కు దగ్గరికి తీసుకుని అంది, "ఆ రోజు పాప కమానుకి వచ్చిన వాసనే సార్ ఇది. నిమ్మగడ్డి. మా హాస్టల్లో ఎవరి దగ్గరా ఈ సబ్బు లేదు."

ఇంటికి ఎలా వచ్చానో తెలీదు. ఆవిడ పక్కనే నడిచింది.

మార్చి 2, ఆదివారం

పొద్దున్న బాత్రూములోకి వెళ్ళాను. పచ్చ సబ్బు మీద గాడి ఉంది. సన్నగా, తిన్నగా, కమాను వెంట్రుకలంత వెడల్పు. చేసిన పని దాచడం కూడా రాదు మనిషికి.

వంటింట్లో నిలబడి అడిగాను. ఆవిడ పొయ్యి కట్టేసింది.

"బుధవారం ఆ కుర్రాళ్ళు నవ్వారు. మీరెలా వాయిస్తారో ఒకడు చెయ్యి వణికించి చూపించాడు, నేను మీ ఆవిడనని తెలీక. కింద కూర్చోమన్నాను, మీరు వినలేదు. మధ్యలో కూర్చోమన్నాను, వినలేదు. మీరు ఫొటోకి వెళ్ళినప్పుడు సంచీలోంచి సబ్బు తీసి రాశాను. ఇంకేం చెయ్యను చెప్పండి?"

"నన్నో బొమ్మని చేసి కూర్చోబెట్టావు!"

"మీరే కదా చెప్పారు, నవ్వులపాలు కాకూడదనే చేశానని. చుట్టూ చప్పుడుంటే పిల్లకి తెలిసేది కాదన్నారు. మీకూ తెలీదనుకున్నాను."

"నాకు తెలీకపోవడమేమిటే? చేతికి తెలుస్తుంది!"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇద్దరం విన్నాం. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చిన ఆ పళ్ళూడిన పిల్ల మొహం కళ్ళముందు నుంచి పోలేదు. నా వయొలిన్ చచ్చిపోయింది అని అరవడానికి దానికున్న దమ్ము నాకు లేకపోయింది.

మార్చి 3, సోమవారం

మా ఆవిడ స్పిరిట్ సీసా, దూది ఇచ్చింది. స్కూలుకి పట్టుకెళ్ళాను. పిల్ల కమాను వెంట్రుకలు తుడిచాను, మూడుసార్లు దూది మార్చి, రోజిన్ రాశాను. పొడుగమ్మాయి తలుపు దగ్గర నిలబడి చూసింది. ఎందుకొచ్చారని అడగలేదు. ఆమెకి వేసిన మార్కులు మార్చానని చెప్పాను. పొంగిపోతుందేమోనని, "నీ శ్రుతి ఇప్పటికీ అంతంతే" అని కూడా చెప్పాను.

పిల్ల వాయించింది. చెవులు చిల్లులు పడ్డాయి. ఆపమనలేదు.

నేను దూది పట్టుకున్న చేతిని చూసి, "చలేస్తోందా సార్?" అంది. ఇన్నాళ్ళకి ఒకరు మొహం మీద అడిగారు. అది కూడా పళ్ళు లేని నోటితో.

"చలి కాదు. చెయ్యే వణుకుతోంది" అన్నాను.

"మా టీచర్‌కి చెప్పండి, నేర్పిస్తుంది" అంది.

సాయంత్రం నా కమాను కూడా తుడుచుకున్నాను. ఎప్పుడూ తలుపేసుకుని వాయించేవాణ్ణి. ఈ రోజు ఆవిణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోమన్నాను. పొడుగు స్వరం ఒక్కటే పట్టాను.

"వణికిందా?"

"వణికిందండీ."

"ఎప్పట్నుంచి?"

"పోయిన వానాకాలం నుంచి."

ఇన్నాళ్ళూ గోడ అవతల కూర్చుని ఆ గలగలంతా వింది. వింటూనే అన్నం వడ్డించింది. రేపు డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళుతున్నాం. వాడేం చెబుతాడో, మొదటి కుర్చీ ఉంటుందో పోతుందో తెలీదు. భయంగా ఉంది.

ఇందాక ఈ డైరీ మొదటి నుంచి తిరగేశాను. అక్షరాలన్నీ వంకరే. పాత పెన్నుతో రాసినవీ, కొత్తదానితో రాసినవీ.

పెన్ను బాగానే ఉంది.